అతికినట్టుండాలట!

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమంది లోకం. వరుడి జీతానికో పదివేలు, వధువు ఎత్తుకో రెండంగుళాలు కలిపే పెళ్లిళ్ల పేరయ్యకు ఆ సామెతే లైసెన్సు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడి జాబితా ఇంకా పెద్దది. ఆడవారి దగ్గర, పెళ్లి విషయంలో, ప్రాణం, మానం, ధనం పోయే వేళ, గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడాల్సిన వేళ బొంకితే పాపం అంటదన్నాడు. వినాల్సిన బలి చక్రవర్తే వినలేదు. ఇచ్చిన మాటకు కట్టుబడి సర్వం ధారపోశాడు.

ఈ జాబితాలేవీ తెలియకుండానే పిల్లలు బొంకేస్తారు.

టొరంటో విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త కాంగ్ లీ చిన్నపిల్లలతో ఒక ఆట ఆడించేవారు. దాచిన వస్తువేదో చెబితే బహుమతి. ‘నేను వచ్చేదాకా చూడకు’ అని పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. చాలామంది చూసేస్తారు. చూశావా అని అడిగితే రెండేళ్లవాళ్లలో 30 శాతం, మూడేళ్లవాళ్లలో సగంమంది, నాలుగేళ్లవాళ్లలో 80 శాతానికి పైగా ‘లేదు’ అంటారు. ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించే తెలివి, నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆపుకునే నిగ్రహం ఉంటే తప్ప అబద్ధం పుట్టదు. అంటే అది బుద్ధి ఎదుగుతోందనడానికి గుర్తే.

తెలివి వయసుతో వస్తుంది, సరే. దాన్ని వాడుకోవాల్సిన అవసరం ఎక్కణ్నుంచి వస్తుంది? కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ పశ్చిమాఫ్రికాలోని రెండు బడుల పిల్లల్ని ఇలాంటి ఆటతోనే పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక బడిలో తప్పు చేస్తే బెత్తం దెబ్బలు, రెండోదాంట్లో మందలింపు. బెత్తం బడిలోనే ఎక్కువమంది బొంకారు. గుచ్చిగుచ్చి అడిగినా దొరక్కుండా, మూడు నాలుగేళ్ల వయసుకే అతికినట్టు చెప్పగలిగారు.

పెద్దల సంగతీ అంతే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. మొదట్లో తేడా కొంచెమే. కంపెనీ చేజారితే ఆ తేడా బయటపడుతుందన్న భయంతో ఏటికేడు దాచుకుంటూ పోయేసరికి అది కొండంతైంది. 2015లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలుశిక్ష విధించింది.

కాబట్టి ‘గ్లాసు నేనే పగలగొట్టాను నాన్నా’ అని పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు చెయ్యెత్తకండి. ఆ పూట దెబ్బ పడితే, రేపటికి వాడు మరింత అతికినట్టు చెప్పడం నేర్చుకుంటాడు.