ఆరని రంగు

కార్తీకమాసమున ఒకనాటి ఉదయము పటమట దాటి, బందరు రోడ్డు మీదుగా బెజవాడ ఆటోనగరునకు పోయితిని. లారీల ఛాసీలు ఎముకల గూళ్ళవలె బారులు తీరి నిలిచియుండ, ఒకవంక సమ్మెటపోటుల చప్పుడును ఇంకొకవంక వెల్డింగు మెరుపులును, అన్నిటికంటె ముందుగా థిన్నరు వాసనయు ఎదురువచ్చు ఆ వీథులలో, నా పాత అంబాసిడరును మూడు వారముల క్రిందట ఒక మేస్త్రీకి అప్పగించియుంటిని. టింకరింగు పనియు పెయింటింగు పనియు ముగిసినవనియు, వచ్చి బండి తీసికొనిపోవచ్చుననియు ఆయన కబురు చేసెను. పది నిమిషములలో తిరిగివత్తునని ఇంట చెప్పి వచ్చినవాడను మధ్యాహ్నము దాక అచ్చటనే ఉండిపోయితిని.

రేకుల కప్పు క్రింద నిలిచియున్న నా కారును నేను మొదట గుర్తుపట్టలేదు. తలుపుల అంచులను తుప్పు తినివేసి, బానెట్ మీద తెల్లరంగు సున్నమువలె పొడి రాలుచుండిన ఆ బండియే ఇప్పుడు పాలమీగడ కప్పుకొన్నట్లు మెరయుచుండెను. ఉత్తర్‌పారా కర్మాగారమున ఈ జాతి బండ్ల తయారీ 2014లో ఆగిపోయినది గనుక, ఉన్నదానిని కాపాడుకొనుటయే గాని కొత్తది తెచ్చుకొనుట ఎట్లును లేదు. ఆ సంతోషమున బానెట్ నిమురుటకై చేయి చాచితినో లేదో, మేస్త్రీ నా ముంజేయి పట్టుకొనెను.

“చెయ్యి పెట్టకండి మాష్టారూ. ఆరినట్టే ఉంటదండి, కానీ ఆరలేదు.”

నాలుగు దినముల క్రిందట కొట్టిన రంగు ఆరకపోవుటయేమని నాకు నవ్వు వచ్చినది. ఆయన నవ్వలేదు, బానెట్ ఎత్తి, ఎవరికిని కనపడని లోపలి అంచున తన బొటనవ్రేలి గోటిని మెల్లగా నొక్కి తీసెను. అచ్చట నెలవంకవంటి సన్నని గుంట పడెను. “ముక్కు పెట్టి చూడండి” అనెను. వంగి వాసన చూచితిని. థిన్నరు ఇంకను లోపలినుండి ఊపిరి విడచుచునే యున్నది.

పూర్వము మన ఊళ్ళలో కార్లకు ఎన్‌సీ పెయింటు కొట్టెడివారు. అది నైట్రోసెల్యులోజు రంగు. థిన్నరు ఎగిరిపోవుటయే దాని ఆరుట, అంతకుమించి దానిలో మరియొక మార్పు లేదు. ముసురు దినములలో కొట్టినచో గాలిలోని తడి దానిపై వాలి రంగు తెల్లబారెడిది. ఇప్పటిది పీయూ పెయింటు, అనగా పాలీయురేథేను రంగు. దీనిలో రంగును హార్డెనరును అప్పటికప్పుడు కొలిచి కలుపుదురు. కలిపిన కొద్దిగంటలకే గిన్నెలో మిగిలినది గట్టిపడి పనికిరాకుండ పోవును. బండిమీద మాత్రము, పైపొర ఒక పూటలో గట్టిపడినను, లోపల ఆ రెండు ద్రవ్యములును ఒకదానితో నొకటి అల్లుకొనుట దినములు, వారములు సాగుచునే యుండును. పెద్ద కంపెనీల వర్కుషాపులలో బండిని మూసిన గదిలో నిలిపి, సుమారు 60 డిగ్రీల వేడిలో అరగంట కాల్తురు గనుక అచ్చట ఈ నిరీక్షణ తగ్గును. ఆ గదిని వారు బూత్ అందురు. తెలుగు చెవికి ఆ మాట కొంత సంకోచము కలిగించును గాని, ఆటోనగరులో ఎవరును దానికి నవ్వరు. ఈ మేస్త్రీకి అట్టి గది లేదు. రేకులషెడ్డు, ఒక కంప్రెసరు, గాలి, ఎండ, ఇంతే.

పక్క బండికి స్ప్రేగన్ పట్టిన కుర్రవాడు ముక్కునకు చేతిరుమాలు కట్టుకొనియుండెను. హార్డెనరులోని ఐసోసయనేటు ఊపిరితిత్తులకు చేటని ఎరిగియు ఆ రుమాలుతో సరిపెట్టుట నాకు నచ్చలేదు. మేస్త్రీతో ఆ మాట అంటిని. “గాలి గొట్టం మాస్కు కొన్నానండి, ఉక్కపోత అని పెట్టుకోడు” అని ఆయన కుర్రవాని వంక చూచి కేకవేసెను. మాస్కు వచ్చెను, నేనున్నంతసేపు మాత్రము వాని మొగము మీద నుండెను.

ముప్పది యేండ్ల నాటి నా అపరాధము నొకదానిని ఆయనకు చెప్పుకొంటిని. అప్పుడు నాకొక ఫియట్ ఉండెడిది. దానికి కొత్తరంగు కొట్టించి, దుమ్ము పడునను భయముతో మూడవనాడే గుడ్డ కవరు కప్పితిని. రాత్రి మంచు కురిసెను, పగలు ఎండ కాసెను. వారము దినములకు కవరు తీసిచూడగా గుడ్డ నేతయంతయు, పడుగు పేకలతో సహా, పైకప్పు మీద అచ్చుపడియుండెను. మేస్త్రీ తల ఊచెను. ఆయన లెక్క ప్రకారము కొత్తరంగునకు మొదటి శత్రువు దుమ్ము కాదు, యజమాని ప్రేమ.

ఆయన పెట్టిన నియమములు ఇవి: వారము దినములు నీరే పోయరాదు, అటుపిమ్మట నెలవరకు మంచినీటితో, చేతితోనే కడుగవలెను గాని బ్రష్షులు తిరుగు యంత్రములలోనికి పోనీయరాదు, మూడు మాసముల దాక వ్యాక్సు మాట ఎత్తరాదు, ఏలయన అది లోపలి థిన్నరు బయటికి వచ్చు దారిని మూసివేయును. చెట్టుక్రింద నిలుపరాదు. కాకి రెట్ట వేసినచో గోకరాదు. తడిగుడ్డను దానిపై పరచి, పది నిమిషములు ఓపికపట్టి, నానినపిదప మెల్లగా ఎత్తివేయవలెను.

“మరి రోజూ తుడవద్దా?” అంటిని.

“పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ముతో రుద్దినట్టేనండి. మీ వాచ్‌మన్ చేతిలో పచ్చగుడ్డ ఉంటది చూడండి, అది ఇసక కాయితం.”

కడుగుటయెట్లో చూపుమని కోరగా, రంగు వేసి మూడు మాసములు దాటి పాలిషు పనికై వచ్చిన ముదురు నీలపు బండి నొకదానిని నీడలోనికి తోయించెను. మొదట బానెట్‌కు అరచేతి వెనుకభాగము తాకించి వేడి చల్లారినదో లేదో చూచెను. వేడిరేకు మీద నీరు నిలువక ఆరిపోయి, బోరునీటిలోని సున్నము తెల్లని ఉంగరములుగా మిగులునట. పిమ్మట గొట్టముతో పైకప్పునుండి క్రిందికి నీరు జార్చి వదులు దుమ్మును పోగొట్టెను. రెండు బక్కెట్లు వచ్చెను. ఒకదానిలో కార్ షాంపూ నురుగు, రెండవదానిలో ఉత్త నీరు. మెత్తని గుడ్డను నురుగులో ముంచి, గుండ్రముగా గాక నిలువుగా ఒక జాన ప్రమాణము లాగి, ఉత్త నీటిలో జాడించి, మరల నురుగులో ముంచును. ఇట్లు ప్రతిసారియు. ఉత్త నీటి బక్కెట్టు అడుగున ఇసుక పేరుకొనుట నా కంటితో చూచితిని. ఆ బక్కెట్టు లేనిచో ఆ ఇసుక రంగుమీదికే పోవలసినది. ఫ్యాక్టరీ రంగు అన్ని పొరలును కలిసి 100 నుండి 150 మైక్రానులు, అనగా రెండు వెంట్రుకల మందము. ఆ ఇసుకరేణువులు గీయునది దానినే. కుర్రవాని చేతినుండి గుడ్డ నేలపై జారిపడగా, వాడు దులిపి మరల అందుకొనబోయెను. మేస్త్రీ దానిని కాలితో అవతలకు నెట్టి, “అది టైర్లకి” అని కొత్తగుడ్డ తెప్పించెను. బట్టల సబ్బుపొడి సంగతి ఎత్తితిని గాని, ఆయన చూపు చూచి నడుమనే మానుకొంటిని.

తుదకు తుండుగుడ్డను రేకుపై పరచి, అద్ది, ఎత్తెను, రుద్దలేదు. నీలపురంగు మీద ఆకాశము కనపడెను.

సెలవు తీసికొనబోవుచుండగా ఆయన మరియొక మాట జ్ఞాపకము చేసికొనెను. “కొండమీద అమ్మవారి దగ్గర పూజ చేయిస్తారుగా? పసుపు కుంకాలు అద్దానికి పెట్టించండి. రంగుకి పెడితే మరక దిగుద్ది. పూలదండకి టేపు అంటించనియ్యద్దు, పీకితే పెచ్చు లేస్తది.” ఇంద్రకీలాద్రి నుండి దిగివచ్చు కొత్తబండ్లను ఎన్నిటిని చూచియుండునో! భక్తికి అడ్డు చెప్పక, దాని చోటు మాత్రము మార్చెను.

ఇంటికి చేరగానే వాచ్‌మన్ పచ్చగుడ్డతో పరుగెత్తివచ్చెను. దానిని అతని చేతినుండి తీసికొని డాష్‌బోర్డు అరలో దాచితిని. మా ఇల్లాలు పళ్ళెముతో దిగివచ్చెను. నేను చెప్పినది వినిన పిమ్మట ఆమె కుంకుమ వ్రేలు బానెట్ దాక వచ్చి, ఆగి, అద్దము మూలకు మరలెను.

మరునాటి ఉదయము చూతును గదా, బానెట్ నడుమ కాకి రెట్ట. తడిగుడ్డ పరచి, పక్కనే స్టూలు వేసికొని, గడియారము చూచుచు కూర్చుంటిని.