ఓల్డ్స్‌మొబీల్: ఒక పేరు, ఒక ఊరు

మన దేశంలో కొన్ని ఊళ్ళ పేర్లు చెప్పగానే అక్కడి చేతిపని కళ్ళకు కడుతుంది. పోచంపల్లి అంటే చీర, కొండపల్లి అంటే బొమ్మ, ఏటికొప్పాక అంటే లక్కపని. ఆ పని ఒకనాడు ఆగిపోతే ఆ ఊరికి మిగిలేదేమిటన్న ఆలోచన మనకు సాధారణంగా రాదు. ఉన్నత విద్య కోసం 1979లో అమెరికా వెళ్ళి, ఆ తరువాత ఉద్యోగరీత్యా 1991 వరకు మిచిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్ పరిసరాల్లోనే గడిపిన నాకు ఆ ఆలోచనతో చాలాకాలం సహవాసం చేయవలసి వచ్చింది. లాన్సింగ్ నగరానికి ఓల్డ్స్‌మొబీల్ అటువంటి పేరు. 1897లో పుట్టి 2004లో అంతరించిన ఆ మోటారు కారుకు, మూతపడే నాటికి అమెరికాలో తయారవుతున్న కార్ల పేర్లన్నిటిలోకీ పెద్దదన్న గౌరవం ఉండేది.

ఈ కారుకు మూలపురుషుడు రాన్సమ్ ఇలై ఓల్డ్స్. 1864లో ఒహాయో రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి కమ్మరి. 1880లో ఆ కుటుంబం లాన్సింగ్ చేరి, తండ్రీ కొడుకుల పేరిట చిన్న యంత్రశాల నెలకొల్పింది. కుర్రవాడు మొదట ఆవిరితో, తరువాత పెట్రోలుతో నడిచే బండ్లు కట్టాడు. ఆయన తయారుచేసిన ఆవిరిబండి ఒకదానిని 1893లో లండన్‌కు చెందిన ఒక ఔషధ వ్యాపార సంస్థ 400 డాలర్లకు కొన్నది. అది తన బొంబాయి శాఖలో వాడుకునేందుకు! అమెరికా నుంచి విదేశానికి అమ్ముడుపోయిన తొలి మోటారు వాహనాల్లో ఒకటిగా దీనిని పేర్కొంటారు. అది దారిలోనే సముద్రం పాలైందని చెప్పేవారూ ఉన్నారు. ఏమైనా, ఓల్డ్స్ చేసిన బండికి దొరికిన తొలి గిరాకీ మన దేశం కోసం కావడం విన్ననాడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

1897లో సొంత సంస్థ స్థాపించిన ఓల్డ్స్, రెండేళ్ళ తరువాత ధనవంతులైన భాగస్వాముల అండతో డెట్రాయిట్‌కు మకాం మార్చాడు. 1901 మార్చిలో అక్కడి కర్మాగారం అగ్నికి ఆహుతి అయింది. పలు నమూనా బండ్లు ఉండగా, ఒకే ఒక్క చిన్న బండిని పనివాడొకడు మంటల్లోంచి నెట్టుకువచ్చాడని, చేతికి దక్కినది అదొక్కటే గనుక దానినే తయారుచేయవలసి వచ్చిందని లాన్సింగ్‌లో పసిపిల్లలు కూడా చెబుతారు. ఐతిహ్యంలో అతిశయోక్తి పాలెంతైనా, ఆ బండి మాత్రం చరిత్రను మార్చింది. కాళ్ళ ముందరి పలక మంచుబండి మొనలా పైకి ఒంపు తిరిగి ఉండటం వల్ల దానికి ‘కర్వ్‌డ్ డాష్’ అని పేరు వచ్చింది. ఒకే సిలిండరు, స్టీరింగు చక్రానికి బదులు పడవ చుక్కానివంటి పిడి, ధర 650 డాలర్లు. మొదటి సంవత్సరం 425 బండ్లు తయారైతే, 1903 నాటికి ఆ సంఖ్య దాదాపు 4,000కు చేరింది. భాగాలను వేర్వేరు సంస్థల చేత చేయించి తెప్పించుకొని, వరుసక్రమంలో బిగించే పద్ధతిని ఫోర్డు కంటె ముందుగా అమలుపరచిన కీర్తి ఓల్డ్స్‌దే. గేర్లపెట్టెలు సరఫరా చేసిన డాడ్జి సోదరులు తదుపరి కాలంలో తామే కార్ల ఉత్పత్తిదారులయ్యారు.

కర్మాగారం లాన్సింగ్‌కు తిరిగివచ్చింది. కాని 1904లో భాగస్వాములతో పొసగక ఓల్డ్స్ తన పేరు పెట్టుకున్న సంస్థ నుంచి తానే నిష్క్రమించాడు. ఇంటిపేరు అక్కడే వదలవలసి రావడంతో, తన పేరులోని మూడు పొడి అక్షరాలతో ‘రియో’ అనే మరో సంస్థను అదే ఊళ్ళో పెట్టుకున్నాడు. 1908లో ఓల్డ్స్‌మొబీల్ జనరల్ మోటార్స్‌లో విలీనమైంది. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అనే పరిస్థితి ఈ కారు జాతకంలో ఆదినుంచే ఉన్నదన్నమాట.

జనరల్ మోటార్స్ తన కార్లను నిచ్చెన మెట్ల వలె అమర్చింది. అడుగున షెవర్లే, ఆపైన పాంటియాక్, నడుమ ఓల్డ్స్‌మొబీల్, దానిమీద బ్యూయిక్, శిఖరాన కాడిలాక్. మన సచివాలయంలో గుమాస్తా, సూపరింటెండెంటు, సహాయ కార్యదర్శి అనే వరుస ఉన్నట్టే, జీతంతోపాటు మనిషి ఒక్కొక్క మెట్టే ఎక్కాలన్నది అందులోని అంతరార్థం. మధ్య మెట్టు మీదివాడికి ఆడంబరం అవసరం లేదు గాని కొత్తదనం కావాలి. అందుకే సంస్థవారు కొత్త ప్రయోగాలను తరచుగా ఓల్డ్స్‌మొబీల్‌తోనే మొదలుపెట్టేవారు. గేర్లు తమంతట తామే మారే హైడ్రామాటిక్ యంత్రాంగం 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్‌లో ప్రవేశించింది. రెండవ ప్రపంచయుద్ధంలో అంగవైకల్యం పొందిన సైనికులు తిరిగి కారు నడపగలగడానికి అది ఎంతో తోడ్పడింది. 1949లో వచ్చిన ‘రాకెట్’ ఇంజను వేగానికి మారుపేరై, 1951లో ఒక పాటకు సైతం పేరు ఇచ్చింది. 1966లో టొరొనాడో, దాదాపు మూడు దశాబ్దాల విరామం తరువాత అమెరికాలో ముందు చక్రాలకు శక్తినిచ్చే కారుగా వెలువడింది. 1976 నాటికి ‘కట్లస్’ ఆ దేశంలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయే కారు.

ఆ 1976 నాటి కట్లస్ ఒకటి 1981లో నా చేతికి వచ్చింది. అమ్మినది మా పక్కింటి వృద్ధుడు. ఓల్డ్స్‌మొబీల్ కర్మాగారంలో ముప్పైయేళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అక్కడి మన తెలుగు కుటుంబాల వారమందరం మాలో మేము ఆయనను ‘పెద్దాయన’ అనుకునేవాళ్ళం. ఆయన తండ్రి అక్కడే పనిచేశాడు; కొడుకు అప్పటికే అక్కడే పనిలో చేరాడు. కారు అప్పగించేముందు ఆయన నా చేత మూడు రోజులు నడిపించి చూశాడు. బేరం మాటకు ఐదు నిమిషాలు పట్టింది. బండి అలవాట్లు చెప్పడానికి ఆ మూడు రోజులూ చాలలేదు. చలికాలం ఉదయాన తాళం తిప్పగానే తొందరపడకూడదని, ఇంజను చప్పుడు గరగర నుంచి గుసగుసగా మారేదాకా ఓపిక పట్టాలని, ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగివచ్చిన ప్రతిసారీ అడుగుభాగం కడగాలని బోధించాడు. మా ఊళ్ళో ఎద్దుల జత అమ్మిన రైతు, కొన్నవాడి వెంట కొంతదూరం నడిచివచ్చి వాటి మేత, వాటి మొండితనం వివరించి వెనుదిరగడం చిన్నతనంలో చూశాను. అదే ధోరణి.

ముందు వరుసలోనూ ముగ్గురు కూర్చోగల పొడవాటి సీటు ఆ కారు ప్రత్యేకత. రెండు కుటుంబాలు, పులిహోర డబ్బాలు, ఒక సుప్రభాతం క్యాసెట్టు సర్దుకొని పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయానికి ఆరేడు గంటల ప్రయాణం చేసేవాళ్ళం. 1976లో వెలసిన ఆ ఆలయం, అదే సంవత్సరపు ఆ కారు, ఈ రెండూ కలిసి మాకు పరదేశంలో ఒక స్వస్థలాన్ని కల్పించాయి. తిరిగివచ్చిన మరునాడు పెద్దాయన ప్రసాదం అడిగి తీసుకొని, ఆ తరువాత బండి ఎలా నడిచిందని అడిగేవాడు. అడగడంలో ఆ క్రమం ఎన్నడూ తప్పలేదు. జవాబు కోసం ఎదురుచూసేటప్పుడు మాత్రం ఆయన ముఖంలో, పెళ్ళయి వెళ్ళిన కూతురి కబురు వినే తండ్రి ఆతురత కనిపించేది.

ఆ దశకంలోనే పతనం ఆరంభమైంది. దానికి కారణం ఒక్కటి కాదు. ‘రాకెట్’ ఇంజను ఉన్నదని నమ్మి కొన్న కార్లలో కొన్నింటికి షెవర్లే ఇంజను అమర్చారని 1977లో వెల్లడై, వ్యవహారం న్యాయస్థానాలకెక్కి, సంస్థ పరిహారం చెల్లించవలసి వచ్చింది. 1978 నమూనాలలో ప్రవేశపెట్టిన డీజిల్ ఇంజను మరింత అపకీర్తి తెచ్చింది. డీజిల్ యంత్రంలో పీడనం అత్యధికం. పెట్రోలు ఇంజను తీరును అనుసరించిన బోల్టుల అమరిక దానిని తట్టుకోలేకపోయింది. ఇంధనంలో కలిసిన నీటిని వేరుచేసే పరికరం సైతం లేకపోయింది. 1985తో ఆ ఇంజను తెరమరుగైంది. కాని అమెరికా వినియోగదారులకు డీజిల్ కారు మీదనే ఏళ్ళ తరబడి విముఖత మిగిల్చింది. ఖర్చు తగ్గించేందుకు ఐదు మెట్ల కార్లకూ ఒకే చట్రం, ఒకే తలుపులు వాడసాగారు. మెట్ల నడుమ తేడా పోయాక నిచ్చెన ఎక్కవలసిన అగత్యం ఎవరికుంటుంది? జపాను కార్లు నాణ్యతతో ముందుకు వస్తున్న రోజులవి. 1985లో పది లక్షలు దాటిన అమ్మకాలు 2000 నాటికి మూడు లక్షల లోపుకు పడిపోయాయి.

ఈ పతనం మధ్యలో వచ్చినదే 1988 నాటి ప్రసిద్ధ ప్రకటన: “ఇది మీ నాన్నగారి ఓల్డ్స్‌మొబీల్ కాదు.” యువతరాన్ని ఆకర్షించే ఉద్దేశంతో చేసినది. ఆ సంవత్సరం మా అమ్మ గుంటూరు జిల్లా నుంచి వచ్చి మా వద్ద ఉన్నది. దసరాకు మా పాత కట్లస్‌కు కుంకుమబొట్టు పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తొక్కించింది కూడా. టెలివిజన్‌లో ఆ ప్రకటన వచ్చినప్పుడు అర్థమేమిటని అడిగితే చెప్పాను. కాసేపు ఆలోచించి అన్నది: “తండ్రిది కాదని చెప్పి కొడుక్కి అమ్ముతున్నారు, బాగానే ఉంది. రేపు వాడి కొడుక్కి ఏమని చెప్పి అమ్ముతార్రా?”

అక్షరం ముక్క ఇంగ్లీషు రాని ఆమె ప్రశ్నకు ఆ ప్రకటనకర్తల వద్ద సమాధానం ఉన్నట్టు లేదు. ప్రకటన జనం నోళ్ళలో నానింది. నేటికీ అక్కడ పాతదాన్ని తోసిపుచ్చవలసి వస్తే ఆ మాటనే తిప్పి వాడతారు. అమ్మకాలు మాత్రం పెరగలేదు. కొత్తవారు రాలేదు, పాతవారు నొచ్చుకున్నారు. పెద్దాయన ఆ ప్రకటన గురించి నాతో ఒక్కసారే మాట్లాడాడు. “మా నాన్న చేసినది, నేను చేసినది కలిపి ఒక్క మాటతో కాదన్నారు” అన్నాడు. ఆ తరువాత కార్ల ప్రస్తావన తనంతట తాను తేవడం తగ్గించాడు. 1995 నమూనాగా వచ్చిన అరోరా అనే మంచి కారు మీద, వెలుపల ఎక్కడా ఓల్డ్స్‌మొబీల్ అన్న పేరు కనబడకుండా జాగ్రత్తపడ్డారు. పేరు చెప్పుకోవడానికి ఇల్లే సిగ్గుపడ్డప్పుడు బయటివారు గౌరవిస్తారని ఆశించడం అవివేకం.

2000 డిసెంబరు 12న ఓల్డ్స్‌మొబీల్‌ను క్రమంగా ఉపసంహరిస్తామని సంస్థ ప్రకటించింది. 2004 ఏప్రిల్ 29న లాన్సింగ్‌లో చివరి కారు, ముదురు చెర్రీ రంగు అలేరో, బయటికి వచ్చింది. పనివారు దానిమీద తమ సంతకాలు చేశారు. అంతవరకు తయారైనవి మూడున్నర కోట్లకు పైగా.

2008లో ఒక సదస్సుకు వెళ్ళినప్పుడు మళ్ళీ ఆ ఊరు చూశాను. పెద్దాయన అప్పటికి గతించాడు. ఆయన కొడుకు నన్ను వెంటబెట్టుకొని ఓల్డ్స్ పేరిట ఉన్న రవాణా మ్యూజియంకు తీసుకువెళ్ళాడు. చివరి కారు గురించి మాట్లాడుతూ, తాను సంతకం చేసేటప్పుడు తన పేరు కింద తండ్రి పేరు, తాత పేరు కూడా రాశానని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆ గొంతులో దుఃఖం కంటె లెక్క అప్పగించిన వాడి నిబ్బరమే ఎక్కువగా వినిపించింది. అతడు జనరల్ మోటార్స్‌లోనే, అదే ఊళ్ళో, కాడిలాక్ కార్లు తయారుచేసే మరో కర్మాగారానికి మారాడు. ఉద్యోగం ఉన్నది, జీతం ఉన్నది. “ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తావని అడిగితే ఇదివరకు ఒక్క మాట చాలేది, ఇప్పుడు వివరించవలసి వస్తున్నది” అన్నాడు.

రాన్సమ్ ఓల్డ్స్ నివసించిన భవంతి ఇప్పుడు లేదు. కారు వెనక్కి నడపనక్కరలేకుండా కారునే గుండ్రంగా తిప్పే బల్ల ఉన్న షెడ్డుతో సహా, దానిని ఒక రహదారి కోసం కూల్చివేశారు. ఆ రహదారికే ఓల్డ్స్ పేరు పెట్టారు. బేస్‌బాల్ మైదానానికి 1996లో ఓల్డ్స్‌మొబీల్ పార్కు అని పేరు పెట్టారు. 2010లో అదీ మారింది. అయినప్పటికీ, కార్ల యజమానులు తమ పాత బండ్లను తుడిచి, మెరుగుపెట్టి లాన్సింగ్‌కు నడుపుకువచ్చి ప్రదర్శించే ఆనవాయితీ మిగిలింది. దానిని వారు ‘పుట్టింటికి రావడం’ అనే అర్థమిచ్చే మాటతో పిలుచుకుంటారు.

ఈ కథ మనకు దూరపుది కాదు. ఉన్నతాధికారుల హోదాకు చిహ్నమై వెలిగిన మన అంబాసిడర్ కారు ఉత్పత్తి 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఒక ఫ్రెంచి సంస్థకు 80 కోట్ల రూపాయలకు విక్రయించారు. లాన్సింగ్‌లో పేరు పోయి పని కొంత మిగిలింది. ఉత్తరపాడలో పని పోయి పేరు మాత్రం ధర పలికింది. ఈ రెంటిలో ఏది తక్కువ నష్టమని నన్నడిగితే, పూట గడవడం ముఖ్యం గనుక మొదటిదే అంటాను. ప్రభుత్వాలు కూడా ముందుగా చూడవలసినది ఉపాధినే. కాని అక్కడితో బాధ్యత తీరిందనుకోవడానికి నా మనస్సు అంగీకరించదు. మనిషి పనిచేసేది జీతం కోసమే అయినా, బతికేది ఆ పనికున్న పేరుతో. నేతగాడికి మరో పని చూపించవచ్చు. పోచంపల్లి అన్న మాటకు బదులు మరో మాట చూపించలేము.

కాలం చెల్లిన యంత్రాన్ని శాశ్వతంగా నడపమని ఎవరూ కోరరు. పాతవన్నీ గొప్పవి కావు. ఆ డీజిల్ ఇంజను ఎవరి ఆదరానికీ నోచుకోదగినది కాదు. మార్చవలసినది మార్చేటప్పుడు, ఇదివరకు దానిని చేసినవారిని చిన్నబుచ్చకుండా మార్చడం సాధ్యమే. “మీ నాన్నగారు నమ్మినదే, మీకోసం మరింత బాగుచేశాము” అనడానికి వారికి అదనంగా ఒక్క డాలరైనా ఖర్చయ్యేది కాదు. అమ్మకాలు పెరిగేవో లేదో గాని, మూడు తరాల పనివారు తలెత్తుకొని ఆ మాట వినేవారు.