సోమవారం సెలవు పెట్టండి

ప్రియమైన పాఠకులకు,

చలి మొదలయ్యే ముందు మీ దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే అడుగుతాయి. "అమ్మావాళ్లు ఇండియా నుంచి వచ్చారండీ. గుడికి వెళ్లొచ్చాం, మాల్స్ తిప్పాం. ఇంక ఇంట్లో టీవీ ముందు కూర్చుని విసిగిపోతున్నారు. రెండు మూడు రోజులు ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" విడివిడిగా జవాబు రాసే బదులు ఈ నెల ఉత్తరం మొత్తం దానికే పెడుతున్నాను. న్యూ ఆర్లియన్స్ తీసుకెళ్లండి.

ఈ మాట ఎవరితో అన్నా, "పెద్దవాళ్లనా? అది తాగి తందనాలాడే ఊరు కదండీ!" అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. పెళ్లైన కొత్తలో స్నేహితులతో వెళ్లి, శనివారం రాత్రంతా బోర్బన్ స్ట్రీట్‌లో జనాన్ని తోసుకుంటూ తిరిగి, ఆదివారం పొద్దున్నే కారెక్కి హ్యూస్టన్ వచ్చేశాం. పోయినేడు అమ్మానాన్నలతో వెళ్లాకే తెలిసింది, అసలు ఊరు మేం బయల్దేరాక నిద్ర లేస్తుందని.

న్యూ ఆర్లియన్స్‌కి ఆదివారం మధ్యాహ్నమే అసలు సమయం. ఎందుకో కింద రాస్తాను. అది చూసి ఆ రాత్రికి రాత్రి ఐదున్నర గంటలు డ్రైవ్ చేసి ఇంటికి చేరడం పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. కాబట్టి మొదట చేయాల్సింది సోమవారానికి సెలవు పెట్టడం. లాంగ్ వీకెండ్ జోలికి వెళ్లకండి, హోటళ్ల రేట్లు మండిపోతుంటాయి. మామూలు వారం చూసుకోండి. అక్టోబరు చివర, నవంబరు బాగుంటాయి. జనవరి 6న మార్డీ గ్రా సందడి మొదలవుతుంది. ఆ పండగ దగ్గరపడ్డ రెండు వారాలూ, జాజ్ ఫెస్టివల్ జరిగే ఏప్రిల్ చివర, మే మొదటి వారాలూ పెద్దవాళ్లకి కష్టం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉక్కపోత, పైగా తుఫాన్ల కాలం.

డల్లాస్, అట్లాంటా వాళ్లు విమానంలో వెళ్లడమే మేలు. మన హ్యూస్టన్ వాళ్లకి కారే. దాదాపు 350 మైళ్లు, ఐ-10 మీద తిన్నగా వెళ్లిపోవడమే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరదామనుకోకండి. లాఫయెట్ దాటాక అచాఫలాయా చిత్తడి నేలల మీదుగా 18 మైళ్ల వంతెన వస్తుంది. కింద నీళ్లలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, కొమ్మల నుంచి జడల్లా వేలాడే నాచు. అది చీకట్లో దాటితే ఏమీ కనపడదు. మధ్యాహ్నం పన్నెండుకల్లా బయల్దేరితే వెలుతురుండగానే దాటొచ్చు. బాటన్ రూజ్ దగ్గర మిసిసిపీ వంతెన మీద మాత్రం శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్ తప్పదు. డబ్బాలో పులిహోర పెట్టుకోండి.

ఊళ్లోకి వెళ్లాక కారు హోటల్లో వదిలేయండి. ఫ్రెంచ్ క్వార్టర్లో పార్కింగ్ దొరకదు, దొరికినా ఖరీదు. ఆ పాతపేట అంతా నడిచే తిరగాలి. ఫుట్‌పాత్ చాలాచోట్ల విరిగి, చెట్ల వేళ్లు పైకి లేచి ఉంటుంది. అమ్మలకి చెప్పులు వద్దు, బూట్లు కొనిపెట్టండి.

శనివారం ఉదయం ఏడింటికల్లా కెఫే దు మాండ్‌కి చేరండి. పది దాటితే వరస పక్క వీధి దాకా ఉంటుంది. 1862 నుంచీ ఉన్న కాఫీ కొట్టు అది. బెన్యేలని అమ్ముతారు. పలకల్లా కోసిన మైదా పిండిని నూనెలో వేస్తే పూరీలా పొంగుతుంది, దాని మీద గుప్పెళ్లకొద్దీ పంచదార పొడి. ప్లేటుకి మూడు. ముదురురంగు బట్టలు వేసుకోవద్దు, కొరికేటప్పుడు ఊపిరి వదలొద్దు. కానీ నేను మిమ్మల్ని అక్కడికి పంపేది కాఫీ కోసం. అమ్మ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమే, ఇందులో చికోరీ ఉందే!" అంది. ఉంది మరి. అంతర్యుద్ధం రోజుల్లో రేవులు దిగ్బంధంలో ఉండి కాఫీ గింజలు కరువైతే, చికోరీ వేరు వేయించి పొడి చేసి కలుపుకున్నారు. యుద్ధం అయిపోయింది, నాలుకకి పట్టిన రుచి మాత్రం పోలేదు. మనలో చాలామంది వంటింట్లో ఉండే ఆ పసుప్పచ్చ డబ్బా ఇక్కడిదే. మన ఫిల్టర్లో డికాక్షన్ దిగడానికి దాన్ని మించింది అమెరికాలో నాకు దొరకలేదు.

కాఫీ తాగి నాలుగు మెట్లు ఎక్కితే నది. అమ్మది దివిసీమ. ఆ మెట్లెక్కి అటూ ఇటూ చూసి, "ఇది మన కరకట్టే" అంది. నిజంగా కరకట్టే. వసంతంలో వరదొస్తే మిసిసిపీ నీళ్లు ఇటుపక్క వీధుల కంటే ఎత్తున పోతాయి. ఓడలు మన తలల మీదుగా వెళ్తున్నట్టుంటుంది. నది తెచ్చిపోసిన ఒండ్రు వల్ల ఒడ్డు మెరకగా ఉంటుంది, అక్కణ్ణుంచి ఊరు లోపలికి పోయేకొద్దీ పళ్లెంలా పల్లం. 1718లో ఊరు కట్టినవాళ్లు ఆ మెరక చూసుకునే కట్టారు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫానుకి ఊళ్లో నూటికి ఎనభై పాళ్లు మునిగిపోతే, ఈ పాతపేట చాలావరకు గట్టెక్కింది. తెగింది నది కట్ట కాదు. ఊరి మధ్యన తవ్వుకున్న కాలువల గోడలు కూలాయి.

అక్కడే కెనాల్ స్ట్రీట్ చివర నుంచి అవతలి ఒడ్డుకి, అల్జియర్స్ పేటకి, పడవ ఉంది. మనిషికి రెండు డాలర్లు, కొద్ది నిమిషాల ప్రయాణం. ఖరీదైన స్టీమర్ విహారాల బదులు ఇదెక్కండి. మా పడవలో అమ్మ పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుంది, అమ్మ వయసే ఉంటుంది. ఎక్కణ్ణుంచి వచ్చారని నన్నడిగింది. హ్యూస్టన్ అనగానే, "కత్రినాకి మేం మీ ఆస్ట్రోడోమ్ స్టేడియంలోనే తలదాచుకున్నాం" అంది. తనది లోయర్ నైన్త్ వార్డ్ పేట. నీళ్లు ఇంతొచ్చాయని కూర్చున్నచోటే చెయ్యి తలపైకెత్తి చూపించింది. నేను అమ్మకి తెలుగులో చెప్పబోయాను. అవసరం లేకపోయింది. అమ్మ కూడా తన చెయ్యి పైకెత్తింది, ఆవిడ చెయ్యి కంటే కాస్త ఎత్తుకి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. అప్పటికి అమ్మకి ఇరవై ఏళ్లు, రాత్రంతా పక్కింటి మేడ మీద గడిపింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు ఆవిడ అమ్మ కొంగు సర్ది వెళ్లింది.

మధ్యాహ్నం ఎండలో సెయింట్ చార్లెస్ ట్రాం ఎక్కండి. ఆ దారిలో 1835 నుంచీ బళ్లు నడుస్తున్నాయి, ఇప్పుడు తిరిగే ఆకుపచ్చ పెట్టెలు 1920ల నాటివి. చెక్క బల్లలు, తెరిచిన కిటికీలు. ఒకసారి ఎక్కితే డాలరుంపావు. చివరి స్టాపులో దింపేస్తారు, తిరిగి రావాలంటే మళ్లీ ఎక్కాలి. అందుకని మూడు డాలర్లు పెట్టి రోజంతా చెల్లే పాస్ తీసుకోండి. దారి పొడవునా ఓక్ చెట్ల కొమ్మలకి ఎప్పటివో మార్డీ గ్రా పూసలు వేలాడుతుంటాయి. చివరి స్టాపులో బండి వెనక్కి తిరగదు. డ్రైవరే లేచి, ఒక్కో సీటు వీపుచెక్కని ఫట్‌మని అటు తిప్పుకుంటూ రెండో చివరికి నడిచి, అక్కణ్ణుంచి నడుపుతాడు. నాన్న ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. దిగి నిలబడి, ఆ తతంగం ఆఖరి సీటు దాకా చూశాడు.

తిండి గురించి నిజం చెప్పాలి. శాకాహారులకి ఈ ఊరు కష్టమే. కూరగాయల వంటకం అని రాసున్నా అడుగున మాంసం రసం ఉండొచ్చు, అడగడానికి మొహమాటపడకండి. మాంసం తినేవాళ్లయితే గంబో అనే పులుసు తప్పకుండా తినండి. గంబో అనే మాటే ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చింది. మనం బెండకాయ జిగురు పోవాలని తుడిచి, ఆరబెట్టి, వేయించి నానా తంటాలు పడతామా, అక్కడ పులుసు చిక్కబడటానికి ఆ జిగురే కావాలి. అమ్మ గిన్నెలో చెంచా పెట్టి తీగలాగి చూసి, "పారేసేదాంతో ఎంత పని చేశారే" అంది.

రాత్రికి బోర్బన్ స్ట్రీట్ వదిలేసి, దానికి నాలుగడుగుల దూరంలోనే ఉన్న ప్రిజర్వేషన్ హాల్‌కి వెళ్లండి. 1961లో పెట్టారు. రంగులు వెలిసిన గోడలు, చిన్న గది, మైకులు లేవు, మందు అమ్మరు, పిల్లల్నీ రానిస్తారు. ముప్పావు గంటలో కచేరీ అయిపోతుంది. నిలబడే టికెట్లు, కింద కూర్చునేవీ ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకి బెంచీల మీద చోటు ముందే కొనండి. ట్రాంబోన్ వాయించేవాడు గొట్టం ముందుకి చాపితే మొదటి వరసలోవాళ్ల మోకాళ్లకి తగిలేంత దగ్గరగా ఉంటుంది.

ఇక ఆదివారం. ఉదయం ఏ పనీ పెట్టుకోకండి. మధ్యాహ్నానికి ట్రెమే పేట వైపు వెళ్లి, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో కాంగో స్క్వేర్ అనే రాతిపలకల బయలు చూడండి. బానిసలుగా బతికిన ఆఫ్రికన్లకి ఆదివారాలు కాస్త తీరిక దొరికేది. 1817లో నగరం వాళ్ల గుమిగూడే హక్కుని ఈ ఒక్క చోటికి కుదించింది. వాళ్లు ఇక్కడే తమ డోళ్లు కొట్టుకున్నారు, తమ ఆటలు ఆడుకున్నారు. జాజ్ వేళ్లు ఈ నేలలోనే ఉన్నాయంటారు, నేను నమ్ముతాను. ఇదే పేటలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో హుగ్లీ నుంచి వచ్చిన బెంగాలీ ముస్లింలు చికన్ కుట్టుబట్టలు అమ్ముకుంటూ కాపురాలు పెట్టారని వివేక్ బాల్డ్ పరిశోధించి పుస్తకం రాశారు. మనకంటే ఎంత ముందో చూడండి.

ఎండాకాలం నడినెలలు తప్పిస్తే దాదాపు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏదో ఒక పేటలో సెకండ్ లైన్ ఊరేగింపు ఉంటుంది. ఆ వారం ఏ వీధుల్లోంచి వెళ్తుందో డబ్ల్యూడబ్ల్యూఓజీ రేడియోవాళ్లు చెప్తారు. ముందు క్లబ్బువాళ్లు ఒకే రంగు సూట్లలో, ఈకల విసనకర్రలతో, వెనకాల బ్యాండు. అది మొదటి వరస. వాళ్ల వెంట పడి ఆడుకుంటూ వెళ్లే జనం రెండో వరస, టికెట్టు లేదు, పిలుపు లేదు. ఈ క్లబ్బులు పుట్టింది కూడా చందాలు వేసుకుని, జబ్బు చేసినవాళ్లని ఆదుకోవడానికి, పోయినవాళ్లని గౌరవంగా సాగనంపడానికి. శవయాత్రలో శ్మశానం దాకా బరువైన పాటలు, తిరిగొచ్చేటప్పుడు హుషారైనవి. అది నేను వివరిస్తుంటే నాన్న అడ్డొచ్చాడు. "మా ఊళ్లో ముసలాళ్లు పోతే డప్పులు కొట్టించి, చిందేసి పంపేవాళ్లం అమ్మాయ్. నువ్వు నాకు చెప్తావా?" అని రోడ్డు మధ్యకి వెళ్లిపోయాడు. డెబ్భై రెండేళ్ల మనిషి, మోకాలి నొప్పి. రెండు వీధులు నడిచాడు, తొడ మీద దరువేసుకుంటూ. ఒక కుర్రాడు వచ్చి నాన్నకి తన గొడుగిచ్చి ఎలా తిప్పాలో చూపించాడు. పూర్తిగా నాలుగు గంటల నడక అది. పెద్దవాళ్లతో అరగంట నడిచి, నీడ చూసుకుని ఆగిపోండి. నీళ్ల సీసాలు దగ్గరుండాలి. ఫొటోల కోసం వరస మధ్యకి దూరకండి. అది వాళ్ల పండగ, మనం అతిథులం.

సోమవారం తిరుగుదారిలో, ఊరికి ఓ గంట దూరంలో వాలస్ దగ్గర విట్నీ ప్లాంటేషన్ ఉంది. చెరకుతోటల బంగళాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి, కొన్నింట్లో పెళ్లిళ్లు కూడా చేస్తారు. 2014లో తెరిచిన ఈ మ్యూజియం మాత్రం అక్కడ బానిసలుగా చాకిరీ చేసినవాళ్ల వైపు నుంచి కథ చెబుతుంది. పేర్లు చెక్కిన గోడలున్నాయి. పాత చర్చిలో బెంచీల పక్కన చిన్నపిల్లల మట్టిబొమ్మలు నిలబడి ఉంటాయి. అమ్మ ఒక బొమ్మ ముందు ఆగి, తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు రోజులు ఆ పాటలకి తలాడించాక ఇది చూడకుండా రావడం నాకు మనసొప్పదు. మంగళవారం మూసేస్తారు, సోమవారం ఉంటుంది.

ఊరు వదిలే ముందు ఇంకొక్కటి. సోమవారం ఏ హోటల్లో చూసినా రెడ్ బీన్స్ అన్నం ఉంటుంది. ఒకప్పుడు అది బట్టలుతికే రోజు. ఆదివారం వండిన మాంసంలో మిగిలిన ఎముక వేసి, రాజ్మా గింజలు పొయ్యిమీద పడేసి, పొద్దుటి నుంచి ఉతుకుతూ ఉంటే సాయంత్రానికి అదే ఉడికేది. మా నాన్న మాంసం తినడు కాబట్టి గింజలు కొనుక్కొచ్చి, అమ్మ మర్నాడు ఇంట్లో వెల్లుల్లీ ఎండుమిరపకాయా వేసి వండింది. జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ దేశమంతా తిరుగుతూ స్నేహితులకి పొడవైన ఉత్తరాలు రాసేవాడు, చివర సంతకానికి ముందు ఈ రెడ్ బీన్స్ అన్నం పేరే పెట్టేవాడు. నాకది ఎంతో నచ్చింది.

వెళ్లొచ్చాక మీ అమ్మానాన్నలు ఏమన్నారో రాయండి.

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యితో,
మీ
హ్యూస్టన్ నేస్తం