ముక్కలు పడని రోజున ముత్యాల దారిలో

బహ్రెయిన్ అనగానే మన బంధువులు అడిగే ప్రశ్నలు రెండే. "అక్కడ బంగారం చవకా?", "ఎండలు బాగా ఎక్కువా?" అని. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, నేను కూడా ఆ రెంటికీ మించి చెప్పగలిగింది తక్కువే. పొద్దున్నే ఆఫీసు, సాయంత్రం ఇల్లు, శుక్రవారం షాపింగ్ మాల్... ఇంతే కదా మన బహ్రెయిన్! అలాంటిది, మొన్న చలికాలంలో మావాడు పేకముక్కలు విసిరికొట్టడం వల్ల నేను ముహర్రక్‌లోని ముత్యాల దారి చూశాను. ఆ కథే ఇది.

డిసెంబరులో తెనాలి నుంచి మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. పెట్టె తెరిస్తే ఆవకాయ, సున్నుండలు, కందిపొడి, వాటికింద రెండు పేక కట్టలు! మా ఇంట్లో పెళ్ళికైనా, సంక్రాంతికైనా చాప పరిచి 13 ముక్కల రమ్మీ ఆడకపోతే పండగ పూర్తయినట్టు కాదు. పైసా పందెం ఉండదు. ఎవరి పాయింట్లు 201 దాటితే వాళ్ళు అవుట్, అంతే. బహ్రెయిన్‌లో జూదం చట్టవిరుద్ధం కూడాను. అందుకే గుదైబియాలోని మా ఫ్లాట్‌లో పందెం వేరుశనక్కాయలతోనైనా వద్దని అమ్మకు ముందే చెప్పాను.

ఈ ఆట తెలియని పిల్లల కోసం రెండు మాటలు. జోకర్ సాయం లేకుండా ఒకే రంగులో వరసగా వచ్చే మూడు ముక్కల్ని 'లైఫ్' అంటారు. అది లేకపోతే మిగతా ముక్కలు ఎంత బాగున్నా లెక్కలోకి రావు. ముక్కలు చూడగానే బాగా లేవనిపిస్తే మొదట్లోనే 'డ్రాప్' అని పక్కన పెట్టేయొచ్చు. దానికి 20 పాయింట్లు పడతాయి. మధ్యలో మానుకుంటే 40. చివరిదాకా లాగి అవతలివాళ్ళు షో చేసేసరికి చేతిలో లైఫ్ లేకపోతే ఫుల్ కౌంట్, అంటే 80. ఊరూరికీ ఈ లెక్కలు కొంచెం మారతాయి. మా ఇంటి లెక్క ఇది.

ఆ శుక్రవారం నలుగురం కూర్చున్నాం. మా పన్నెండేళ్ళవాడికి ఆట మొదలైనప్పటి నుంచీ ముక్కలు పడటం లేదు. ఇస్పేటు ఒకటి, కళావరు ఒకటి, ఆటీను ఒకటి... ఒకదానికొకటి పొంతన లేదు. అయినా ప్రతిసారీ మొండిగా ఆడతాడు, ఫుల్ కౌంట్ ఇస్తాడు. మూడో ఫుల్ కౌంట్‌తో 201 దాటేసి, ముక్కలు నేలకేసి కొట్టాడు.

"ఇట్స్ నాట్ ఫెయిర్ నాన్నమ్మా! నాకెప్పుడూ చెత్త ముక్కలే వస్తాయి. నేనే అన్‌లక్కీ!"

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నాకు మాత్రం ఏం పడ్డాయిరా కన్నా? ఇప్పటికి నాలుగుసార్లు డ్రాప్ చేశాను. నా కౌంటెంతో చూడు."

చూశాడు. 80! నాలుగుసార్లు ఆట వదిలేసిన నాన్నమ్మకు పడినవీ, వీడు ఒక్కసారి మొండికేసినందుకు పడినవీ ఒకటే! కానీ వాడు అప్పటికి ఆ లెక్క వినే స్థితిలో లేడు. తలుపు వేసుకుని పడుకున్నాడు.

"వాడిది నీ పోలికేరా" అంది అమ్మ. ఆ మాట ఎందుకందో నాకు తెలుసు.

2003లో నేను ఎంసీఏ చదువుతున్నాను. హాస్టల్లో పాయింటుకి రూపాయి చొప్పున రమ్మీ ఆడేవాళ్ళం. ఒక రాత్రి నాకు అసలు ముక్కలు పడలేదు. మెస్ బిల్లు కోసం నాన్న పంపిన డబ్బు జేబులో ఉంది. అర్ధరాత్రికి సగం పోయింది. పోయింది తిరిగి రావాలంటే ప్రతి ఆటా ఆడాల్సిందేనని, డ్రాప్ చేయడమే మానేశాను. "ఇన్నిసార్లు పడలేదు కాబట్టి ఈసారి పడి తీరుతుంది" అనుకుంటూ తెల్లవారేదాకా కూర్చున్నాను. డబ్బంతా పోయింది. మెస్ బిల్లు కట్టడానికి నాన్న ఇచ్చిన హెచ్ఎంటీ వాచీ అమ్మేశాను. వాచీ ఏదిరా అని నాన్న అడిగితే బస్సులో పోయిందని చెప్పాను. అమ్మకు మాత్రం తర్వాత నిజం చెప్పాను. నాన్నకు చెప్పే అవకాశం ఇక లేదు.

ఆ రాత్రంతా నేను ఓపిక పడుతున్నాననే అనుకున్నాను. కదలకుండా కూర్చోవడమే ఓపిక అనుకున్నాను! చెడ్డ ముక్కలు పడిన మాట నిజమే. కానీ నన్ను ముంచింది ఆ ముక్కలు కాదు. 20తో పోయేదాన్ని 80 దాకా లాగడం.

మర్నాడు మావాడికి ఈ సంగతంతా దాచకుండా చెప్పాను. తర్వాత 50 ఫిల్సుల నాణెం ఒకటి చేతిలో పెట్టాను. ఒకవైపు తెరచాప పడవ, ఇంకోవైపు 50 అంకె. "వందసార్లు ఎగరేసి ఏది పడిందో కాగితం మీద రాసుకో" అన్నాను. ఒకచోట వరసగా ఏడుసార్లు అంకే పడింది. "నాణెం పాడైపోయిందా?" అని అడిగాడు. పాడవలేదు. వందసార్లు ఎగరేస్తే, ఎక్కడో ఒకచోట ఒకే వైపు వరసగా ఐదు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం నూటికి 97. అలాగే సమానంగా ఆడే నలుగురు కూర్చున్నప్పుడు, చూస్తున్న ఎనిమిది ఆటల్లో మీరు ఒక్కటీ గెలవకపోవడం నూటికి పదిసార్లు జరిగేదే. అది శాపమూ కాదు, ఎవరి కుట్రా కాదు. ముక్కలకు నిన్నటి సంగతి గుర్తుండదు. కాబట్టి అవి మనకు బాకీ పడవు కూడా.

పేకాట అంటేనే మొహం చిట్లించే పెద్దలకు ఒక మాట. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో మన సుప్రీంకోర్టు 1967లోనే, రమ్మీ మూడు ముక్కలాటలాంటిది కాదంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడానికి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడానికి నేర్పు కావాలంది. అలాగని ఫోన్లో డబ్బు పెట్టి ఆడితే ఇల్లు గుల్ల కాదని కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో భారతదేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చాప మీద ఆటకు ఒక సుగుణముంది. అమ్మ "ఇక చాలు, అన్నానికి లేవండి" అంటే ఆగిపోతుంది.

శనివారం సాయంత్రం మావాడి మూడ్ మార్చడానికి వంతెన దాటి ముహర్రక్ వెళ్ళాం. అమ్మకు ముత్యాలంటే ఇష్టం. పత్తర్‌గట్టీ దుకాణాల్లో 'బస్రా ముత్యం' అన్న మాట తను వినే ఉంది. అవి బస్రాలో పుట్టినవి కావనీ, ఈ గల్ఫ్ నీళ్ళలోవేననీ, ఇక్కడి నుంచి బొంబాయి బజారుకు చేరేవనీ చెబితే ఆశ్చర్యపోయింది. ముత్యాల దారి సుమారు మూడున్నర కిలోమీటర్లు. పాత ముహర్రక్ సందుల్లో, ముత్యాల వ్యాపారంతో ముడిపడిన ఇళ్ళను కలుపుతూ సాగుతుంది. ఇక్కడి 17 కట్టడాలు, బూ మాహిర్ తీరం, కోట, ఉత్తరాన సముద్రంలోని మూడు ముత్యపు గుల్లల తావులు, అన్నీ కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సియాదీ వారి ఇంటి గోడల మీది నగిషీ చూస్తే వ్యాపారి వైభవం తెలుస్తుంది. అదే దారిలో గజ ఈతగాడు కాపురమున్న అల్ గౌస్ ఇల్లు చూస్తే... ఆ ముత్యం నిజంగా తెచ్చినవాడికి ఏం మిగిలిందో తెలుస్తుంది.

వేసవిలో నాలుగు నెలలు పడవలు సముద్రం మీదే ఉండేవి. ఈతగాడు ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్టతో మునిగేవాడు. ఒక్క ఊపిరితో నిమిషం, నిమిషంన్నర అడుగున గుల్లలు ఏరేవాడు. పైనున్న మనిషి తాడుతో లాగేవాడు. రోజంతా ఇదే పని. అలుపు తెలియకుండా పాడటానికి నహ్హామ్ అనే గాయకుడు పడవలోనే ఉండేవాడు. ఆ ఫ్జీరీ పాటల్ని 2021లో యునెస్కో గుర్తించింది. తెచ్చిన గుల్లలన్నీ ఒకే కుప్ప పోసి, మర్నాటి పొద్దున నఖూదా, అంటే పడవ నాయకుడు, చూస్తుండగా అందరూ కలిసి విప్పేవారు. ముత్యం ఎవరు తెచ్చిన గుల్లలో దొరికిందో ఎవరికీ తెలియదు. గుల్ల తర్వాత గుల్ల ఖాళీగా ఉన్నా, "నాకే ఎందుకిలా" అనే మాటకు అక్కడ చోటు లేదు. నష్టమైనా లాభమైనా పడవదే.

మావాడికి ఇది నచ్చింది. "అయితే వాళ్ళు అసలు డ్రాప్ చేసేవాళ్ళు కాదా నాన్నా?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే! చేయలేకపోయేవారు. సీజను ముందు ఇంట్లో తిండిగింజల కోసం నఖూదా దగ్గర అప్పు తీసుకునేవారు. ముత్యాలు సరిగ్గా దొరక్కపోతే ఆ అప్పు తీరదు. తీరేదాకా మళ్ళీ ఆ నఖూదా పడవే ఎక్కాలి. తండ్రి చనిపోతే కొడుకు ఎక్కాలి. 1920లలో లెక్కల పుస్తకాలు పెట్టించి ఈ పద్ధతిని కొంత సరిదిద్దారు. ఈలోగా జపాన్ పెంపకపు ముత్యాలు వచ్చాయి, 1929 మాంద్యం వచ్చింది. 1932లో జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. ముత్యాల పడవలు క్రమంగా ఒడ్డుకు చేరాయి.

ఈ అప్పుల కథ మా బిల్డింగ్‌లో పనిచేసే జగిత్యాల వైపు తమ్ముడికి చెప్పాను. ఏజెంటుకి డబ్బు కట్టడానికి వడ్డీకి తెచ్చి ఇక్కడికొచ్చినవాడు. నవ్వి, "అందరు ఓపిక పట్టుమంటరు సార్. మిత్తి ఓపిక పడ్తదా?" అన్నాడు.

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుంది. ఓపిక గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనం సగమే చెప్తున్నామేమో! చెడ్డ ముక్కలు పడినప్పుడు నవ్వుతూ పక్కన పెట్టగలగడం మంచి గుణమే. కానీ అలా పెట్టగలిగే వీలుండటం ఒక అదృష్టం. జీతం నెలనెలా వచ్చేవాడికి, నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో ఉన్నవాడికి ఆ వీలుంది. అప్పు మీద కూర్చున్నవాడికి లేదు. 2003లో నేను మెస్ బిల్లు డబ్బుతో కూర్చోవడమే మొదటి తప్పు. పోతే తట్టుకోలేని డబ్బుతో కూర్చున్నవాడికి ఓపిక ఎక్కణ్ణించి వస్తుంది? అందుకే ఓపిక ముక్కలు పంచకముందే మొదలవ్వాలి.

ఫిబ్రవరిలో మావాణ్ణి పడవ మీద తీసుకెళ్ళాను. 2017 నుంచి బహ్రెయిన్‌లో లైసెన్సు తీసుకుని సరదాకు ముత్యాల వేట చేయొచ్చు. మనిషికి 60 గుల్లల వరకు తెచ్చుకోవచ్చు. పెంపకపు ముత్యాల వ్యాపారం ఇక్కడ నిషేధం కాబట్టి దొరికితే అచ్చమైన సముద్రపు ముత్యమే! మాతో వచ్చిన డైవర్ గుల్లలు తెచ్చిచ్చాడు. మావాడు కత్తితో జాగ్రత్తగా విప్పడం మొదలుపెట్టాడు. పది, ఇరవై, నలభై... ఏమీ లేదు. ముఖం ఎర్రబడుతోందేమోనని నేను చూస్తున్నాను. అరవయ్యోదీ ఖాళీయే. చేతులు కడుక్కుని, "నాన్నమ్మకు గుల్ల ఒకటి తీసుకెళ్దాం నాన్నా, లోపల భలే మెరుస్తోంది" అన్నాడు.

అమ్మ ఊరెళ్ళిపోయింది. పేక కట్టలు మాత్రం మనవడికి ఇచ్చి వెళ్ళింది. మొన్న శుక్రవారం వాడు 13 ముక్కలూ చూసుకుని, ఒక నిట్టూర్పు విడిచి, "డ్రాప్" అన్నాడు. ఆ తర్వాతి ఆటలో కూడా అదే మాట. చివరికి గెలిచాడా అంటే, లేదు. వాళ్ళమ్మ గెలిచింది. కానీ ముక్కలు నేలకేసి కొట్టలేదు. అన్నీ ఏరి, కట్ట కట్టి, అలమరలో పెట్టి అన్నానికి వచ్చాడు.

పిల్లలూ, వచ్చే చలికాలం మీరూ అమ్మానాన్నలతో ముత్యాల దారిలో నడవండి. అల్ గౌస్ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు, ముక్కలు పడనప్పుడు ఏం చేయాలో మీ నాన్నమ్మనో అమ్మమ్మనో అడగండి. వాళ్ళకు బాగా తెలుసు!