గోడ దాటిన రిమోట్

రిమోట్ నుంచి వెలువడేది కంటికి కనిపించని పరారుణ కాంతి. వెలుగే కాబట్టి గోడ అడ్డొస్తే అక్కడే ఆగిపోతుంది.

మా అమ్మకు ఆ గోడే సమస్య అయింది. సెట్‌టాప్ బాక్స్ హాల్లో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని అమ్మ కోసం దాన్నుంచే వైరు లాగి ఆమె గదిలో రెండో టీవీ పెట్టాం. ఛానల్ మార్చాలంటే మాత్రం ఎవర్నో ఒకర్ని పిలవాల్సిందే. కొన్నాళ్లకు పిలవడమే మానేసింది. 'వచ్చిందే చూస్తాలే' అనేది. ఆ మాటే మనసుకు గుచ్చుకుంది.

దీనికి మందు ఐఆర్ ఎక్స్‌టెండర్. అమ్మ గదిలోని చిన్న 'కన్ను' రిమోట్ వెలుగును అందుకుని, విద్యుత్ సంకేతంగా మార్చి వైరులో పంపుతుంది. హాల్లో బాక్స్ ముందు అతికించిన బుల్లి ఎల్‌ఈడీ ఆ సంకేతాన్నే మళ్లీ వెలుగుగా మెరిపిస్తుంది. వైరు వద్దనుకునేవారికి రేడియో తరంగాలతో పనిచేసేవీ ఉన్నాయి. అవి గోడల్ని దాటగలవు.

అయితే రెండు టీవీలకూ బాక్స్ ఒక్కటే కదా! హాల్లో మేం క్రికెట్ చూస్తుంటే హఠాత్తుగా ప్రవచనం మొదలవుతుంది. పిల్లలు 'నానమ్మా...' అని అరుస్తారు. లోపల్నుంచి నవ్వు వినిపిస్తుంది. ఆపై 'ఈ ఓవరొక్కటీ' అంటూ బేరాలు!

ఇంకో బాక్స్ తెద్దామంది మా ఆవిడ. అమ్మే వద్దంది.

'డబ్బు దండగెందుకురా... ఇలాగైనా అందరూ నాతో పోట్లాడుతున్నారుగా!'