వెలగని గుర్తు

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్‌లో ఎవరికీ మరుపు రాదు. ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మునిగింది. సైదాబాద్‌లో మా గల్లీలోకీ నీళ్లొచ్చాయి. నా కారు బంపర్ మునిగేదాకా బురదనీళ్లలో తెల్లవార్లూ నిలబడింది. నేను క్యాబ్ నడుపుతాను. మా ఇల్లు గడిచేది ఆ కారుతోనే. బాపును వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోయేదీ అందులోనే.

నీళ్లు పోయాక స్టార్ట్ చేయకుండానే తోయించుకుపోయి ఆయిలు, ఫిల్టర్లు మార్పించాను. సీట్లు విప్పి ఎండబెట్టాం. బండి నడిచింది. ఇంజన్ పక్కన కిందుగా బిగించి ఉండి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, మా భాషలో డైనమో, అదీ ఆ రాత్రంతా బురదలోనే ఉందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

చలికాలం వచ్చాక పొద్దున సెల్ఫ్ కొడితే టక్‌టక్‌మని ఊరుకోవడం మొదలైంది. పక్కింటివాళ్ల బండి నుంచి వైర్లు కలిపి స్టార్ట్ చేసుకునేవాణ్ని. చూపించిన చోటల్లా ఒకటే మాట: "బ్యాటరీ పాతదైంది, చలికి పోయింది, మార్చెయ్." ఓల్టుల మీటరు పెట్టి చూసినవాళ్లు లేరు. లాక్‌డౌన్‌లో గిరాకీ లేక కిస్తీలే ఆగిపోయి ఉన్నాయి. అయినా అప్పు తెచ్చి కొత్త బ్యాటరీ వేయించాను. ఆ రోజు బండి బ్రహ్మాండంగా నడిచింది. ఎందుకు నడవదు? కొత్త బ్యాటరీ నిండుగా వస్తుంది. ఉన్నది కరిగేదాకా డైనమో చచ్చిపోయినా బండి కదులుతూనే ఉంటుంది. మందు పని చేసిందనే అనుకుంటాం.

మర్నాడు బాపుకు డయాలసిస్ అయ్యేసరికి బాగా చీకటి పడింది. అంబర్‌పేట దాటి వస్తుంటే హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి. హారన్ నొక్కితే గొంతు పోయినట్టు సన్నగా వచ్చింది. మూసారాంబాగ్ వంతెన మీదికి ఎక్కామో లేదో స్టీరింగ్ ఒక్కసారిగా బిగిసింది. అది కరెంటుతో తిరిగే స్టీరింగ్. మరుక్షణం ఇంజన్ ఆగింది. పార్కింగ్ లైట్లు కూడా వెలగలేదు. ఇరుకు వంతెన, వెనక బస్సు, దాని వెనక హారన్లు. డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ గుర్తు మాత్రం దారి పొడుగునా ఒక్కసారీ వెలగలేదు.

డయాలసిస్ అయ్యాక బాపుకు బీపీ పడిపోతుంది. చేతికి వేసిన పట్టీని ఇంకో చేత్తో అదిమి పట్టుకుని, "నేను దిగి నడుస్తా బిడ్డా, నువ్వు బండి చూస్కో" అన్నాడు. నాలుగడుగులు కూడా వేయలేడని నాకు తెలుసు. బైకులు ఆపి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కారును వంతెన చివరిదాకా తోశారు. తోస్తే స్టార్ట్ అవుతుందేమోనని గేరులో వేసి చూశాను. బ్యాటరీలో ఏమీ మిగలకపోతే ఇప్పటి డీజిల్ బండ్లలో కంప్యూటరే లేవదు, ఎంత తోసినా లాభం లేదు. ఒక ఆటో అన్న బాపును ఎక్కించుకుని, ఇంట్లోకి చేర్చి వస్తానని పోయాడు. అన్నట్టే చేతులు పట్టుకుని మంచం దాకా తీసుకుపోయాడట. ఆయన ఫోన్ చేసేదాకా చీకట్లో ఆ కారులో నా గుండె ఎట్లా కొట్టుకుందో చెప్పలేను.

మర్నాడు ఐ.ఎస్. సదన్ దారిలో ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి కారు లాగించాను. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ముందు బ్యాటరీకి బయటి చార్జర్ పెట్టాడు. "ఖాళీ బ్యాటరీ మీద ఏం చూసినా అబద్ధమే చెప్తది బేటా" అన్నాడు. నిండాక ఇంజన్ ఆపి ఉండగా మీటర్ 12.6 ఓల్టులు చూపింది. అంటే బ్యాటరీ చార్జ్ పట్టింది. ఇంజన్ స్టార్ట్ చేశాం. 13.8, 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కలేదు. 12.3 దగ్గర ఉండి, హెడ్‌లైట్లు వేయగానే 11.8కి దిగింది.

నడుస్తున్న బండికి బ్యాటరీ వైరు పీకి చూద్దామన్నాడు అక్కడి పిలగాడు. ఉస్తాద్ కసిరాడు. అంబాసిడర్ల కాలం నాటి పద్ధతి అది. ఇప్పుడు అట్లా పీకితే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగసి కంప్యూటర్, డైనమో లోపలి డయోడ్లు కాలిపోవచ్చు. బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. డైనమో వెనక లావు వైరు బోల్టు మీద కూడా మీటర్ పెట్టాడు. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర 12 ఉంటే మధ్యలో వైరో, ఫ్యూజో పోయినట్టు. రెండు చోట్లా ఒకటే అంకె. అంటే డైనమోలోనే కరెంటు పుట్టడం లేదు.

అప్పుడు ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి నన్ను డ్యాష్‌బోర్డు చూడమన్నాడు. ఇంజన్ స్టార్ట్ కాకముందు బ్యాటరీ గుర్తు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. నా బండిలో అది అసలు వెలగలేదు. అందరమూ గుర్తు రాలేదంటే చార్జింగ్ బాగుందనే అనుకున్నాం. నా కారులాంటి వాటిలో ఆ బల్బు గుండా పోయే కరెంటే డైనమో రోటర్‌ను మేల్కొలుపుతుంది. ఆ దారి లోపలెక్కడో తెగితే గుర్తూ వెలగదు, చార్జింగూ ఉండదు. ఉస్తాద్ డైనమో నుంచి సన్న వైరు ప్లగ్గు పీకి ఎర్త్‌కు ఆనించాడు. గుర్తు వెలిగింది. బల్బు బాగుంది, వైరు బాగుంది. "ఇప్పుడు విప్పుదాం" అన్నాడు. అప్పటిదాకా ఒక్క నట్టు కూడా వదులు చేయలేదాయన. బండి చూడటమంటే అదీ.

లోపల రోటర్‌కు కరెంటు అందించే కార్బన్ల గూట్లో బురద ఎండి గట్టిపడింది. ఒక కార్బన్ ఇరుక్కుపోయి, తిరిగే రింగుకు ఒకసారి తగులుతూ ఒకసారి తగలకుండా ఉంది. ఇసుకకు రింగుల మీద గీతలు పడ్డాయి. డయోడ్లు ఒక్కొక్కటీ చూశాడు, అన్నీ మంచివే. రెగ్యులేటర్‌తో కలిసి వచ్చే కార్బన్ల సెట్టు, రెండు బేరింగులు పుత్లీబౌలి నుంచి తెచ్చాను. బిగించాక మీటర్ 14.2 చూపింది. లైట్లు, ఏసీ అన్నీ వేసినా 13.9. ఖర్చు బ్యాటరీ ధరలో సగం కూడా కాలేదు.

బ్యాటరీ అమ్మిన షాపుకు పోయి అడిగితే అందులో లోపం లేదు, వాపసు తీసుకోలేమన్నారు. వాళ్ల మాట నిజమే. లోపం లేని బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి దాని ఆయుష్షు తగ్గించుకున్నాను, పాతదాన్ని ఎక్స్చేంజిలో ఇచ్చేశాను. దానికి తెచ్చిన అప్పు ఇంకా తీరుతూనే ఉంది. మీటర్ పెట్టి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ రెండు నిమిషాలు ఎవరూ పెట్టకపోవడం వల్ల బాపు ఆ రాత్రి వంతెన మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ కోపం నాకు తగ్గలేదు.

అదే నీళ్లలో నిలబడ్డ బండ్లు మా గల్లీలో ఇంకా ఉన్నాయి. ఇంటింటికీ పోయి తాళం తిప్పించి గుర్తు చూపించమన్నాను. ఒకాయన కారులో అది వెలగలేదు. బ్యాటరీ కొందామని డబ్బు తీసి పెట్టుకుని ఉన్నాడు. తెల్లారే ఉస్తాద్ దగ్గరికి పంపించాను.