అద్దెలో ఇంటి వాటా



అద్దె చేతికి రాగానే అది యావత్తూ మన రాబడే అనుకోవడం సహజం. అయితే అందులో కొంత ఆ ఇంటికే చెందుతుంది. ఇల్లు నోరు తెరిచి అడగదు కనుక మనమే దాని పక్షాన లెక్క వ్రాసిపెట్టాలి.

మచిలీపట్నంలో మాకు ఒక చిన్న డాబా ఉన్నది. కింద మేము కాపురముంటూ, పై వాటాను నెలకు 8,000 రూపాయలకు అద్దెకిచ్చాము. సేవకుని జీతం కొద్దిపాటిది. పిల్లల చదువులకు ఈ అద్దే ఆధారం. అందుచేతనే మేస్త్రీని, ప్లంబరును అడిగి, అరిగిపోయే ప్రతిదానికీ రెండు అంకెలు వ్రాసుకున్నాము: మార్చడానికి ఎంత, ఎన్నేళ్లు వస్తుంది.

బోరు మోటారు 24,000, 8 ఏళ్లు, ఏడాదికి 3,000. రంగులు 30,000, 5 ఏళ్లు, ఏడాదికి 6,000. పైపులు, ట్యాంకు 20,000, 10 ఏళ్లు, 2,000. వైరింగు 40,000, 20 ఏళ్లు, 2,000. స్లాబు మరమ్మతు 25,000, 5 ఏళ్లు, 5,000. వెరసి ఏడాదికి 18,000, అనగా నెలకు 1,500. దీనిని అద్దె వచ్చిన రోజే వేరే ఖాతాలో వేస్తాము. అడ్వాన్సును ఇందులో కలపము; అది తిరిగి ఇవ్వవలసిన సొమ్ము.

స్లాబుకు అంత ఎందుకంటారా? మాది ఉప్పుగాలి. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును నెడుతుంది, పెచ్చులు ఊడతాయి. పగులు కనిపించినప్పుడే పూడిస్తే కొద్దిలో పోతుంది. ఆలస్యమైతే స్లాబుకే ముప్పు.

ఆదాయపు పన్ను చట్టం కూడా అద్దెలో ఇంటి పన్ను పోగా మిగిలినదానిపై 30 శాతం మినహాయిస్తుంది, మరమ్మతు చేయించినా చేయించకపోయినా. అది మిగులు అనుకొని వాడేసుకుంటే, ఇల్లు తన బాకీ ఒక్కసారే వసూలు చేస్తుంది.

గత వేసవిలో మోటారు 6 ఏళ్లకే కాలిపోయింది. దాని పద్దులో 18,000 మాత్రమే ఉన్నది. అదే వారం మా అబ్బాయి కాలేజీ ఫీజు గడువు. “ఆ ఖాతాలోది మన డబ్బే కదా నాన్నా, ముందు ఫీజు కట్టేద్దాం” అన్నాడు. పై వాటాలో నిండు చూలాలు ఉన్నది. “ఆ నీళ్లకు వాళ్లు నెలనెలా మనకు కడుతూనే ఉన్నారురా” అని చెప్పాము. తక్కువపడిన 6,000 రంగుల పద్దులోనుంచి తీసి మర్నాడే మోటారు వేయించాము. ఫీజుకు కాలేజీవారిని అడిగి రెండు వాయిదాలు తెచ్చుకున్నాము. ఆ యేడు గోడలకు రంగులు పడలేదు.

అద్దెకిచ్చిన ఇల్లు ఉన్నవారు ఈ నెలే ఒక పుస్తకం తెరవండి. మోటారుతో మొదలుపెట్టండి. అది ఎప్పుడు ఆగుతుందో మన చేతిలో లేదు. ఆగిన రోజున పైవారు నీళ్లకు ఎదురుచూడకుండా చేయడం మాత్రం మన చేతిలోనే ఉన్నది.